వానాకాలానికి ముందు తోలు బూట్లకు ఇంట్లోనే నూనె పట్టించుకోవడం, అవి నీటికి తట్టుకునేలా చేయడం ఎలా?

ఒడిశాలోని రాయగడ నుంచి కొరాపుట్ మీదుగా జయపురం దాకా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో రోజూ తోలు బూట్లు తొడుక్కుని పనికి వెళ్లేవారు చాలామంది ఉన్నారు. రైలు పట్టాల వెంట నడిచే ఉద్యోగులు, పంచ్‌పట్‌మాలి బాక్సైటు గనిలోనూ దమన్‌జోడి కర్మాగారంలోనూ పనిచేసేవారు, జేకేపూర్ కాగితం మిల్లుకు షిఫ్టులకు వెళ్లేవారు, సెలవు దొరికితే దేవమాలి కొండ ఎక్కే కుర్రవాళ్లు, వీరందరికీ జూన్ నడిమి నుంచి సెప్టెంబరు దాకా బూట్లతో ఒకే ఇబ్బంది. కొరాపుట్ వైపు ఏడాదికి దాదాపు 1,500 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, అందులో ఎక్కువ భాగం ఈ నాలుగు నెలల్లోనే. ఈ కాలంలో పాడైన బూట్లను నేను చాలా చూశాను. వాటిలో ఎక్కువ వాటికి దెబ్బ తగిలింది తడిసినప్పుడు కాదు, ఆరబెట్టేటప్పుడు. పొట్టంగి దగ్గర ఒక సాయంత్రం పూర్తిగా తడిసి వచ్చి, తెల్లవారేసరికి ఆరిపోవాలన్న ఆత్రంతో నా బూట్లను కట్టెల పొయ్యి పక్కన పెట్టాను. పొద్దున్న చూస్తే వేళ్లు మడిచే చోట తోలు అడ్డంగా పగిలి ఉంది. ఆ పగులును ఏ నూనే పూడ్చలేదు. అందుకే ఈ పద్ధతిని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా తోలు గురించి కొంత తెలుసుకోవాలి, ఎందుకంటే కింద చెప్పే ప్రతి పనికీ కారణం అందులోనే ఉంది. తోలు అంటే జంతు చర్మంలోని కొలాజెన్ పోగుల అల్లిక. శుద్ధి చేసే చోట ఆ పోగులు కుళ్లకుండా స్థిరపరచి, చివరకు వాటి మధ్యకు నూనె ఎక్కిస్తారు. ఆ నూనె వల్లనే పోగులు ఒకదానిపై ఒకటి జారుతూ తోలు వంగుతుంది. చెమట, సబ్బు, ఎండ, పదేపదే తడిసి ఆరడం వల్ల ఆ నూనె క్రమంగా పోతుంది. తడిసిన తోలును వేడి దగ్గర పెడితే పోగులు ముడుచుకుపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆపై వంచితే విరుగుతాయి. మన పూర్వులు తంగేడు పట్టతోనూ కరక్కాయతోనూ శుద్ధి చేసిన తోలు, తడిగా ఉన్నప్పుడు, మరుగుతున్న నీటికంటే చాలా తక్కువ వేడికే ముడుచుకుంటుంది. ఇప్పటి బూట్లలో ఎక్కువగా వాడే క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు అంతకంటే ఎక్కువ వేడిని తట్టుకుంటుంది గానీ, అందులోని నూనె మాత్రం వేడికి నిలవదు. బూటును కాపాడటమంటే పోయిన నూనెను మితంగా తిరిగి అందించడం, ఆ తరువాత నీరు సులువుగా లోపలికి రాకుండా పైన పలుచని మైనపు పొర వేయడం. ఈ రెండూ వేర్వేరు పనులు. రెండింటినీ ఒకే డబ్బాతో, ఒకే పూటలో ముగించాలని చూసేవారి బూట్లే తొందరగా మెత్తబడి ఆకారం తప్పుతాయి.

ఈ పనికి తగిన సమయం రోహిణి కార్తె. గాలి పొడిగా ఉంటుంది, తోలు లోపలిదాకా ఆరి ఉంటుంది. మృగశిర వచ్చి చినుకులు మొదలయ్యాక చేస్తే తోలులోని తేమ మైనం కింద చిక్కుకుపోయి బూజుకు ఆస్కారమిస్తుంది. అప్పటికే వానలు పడుతుంటే, వరుసగా రెండు రోజులు తెరిపి ఇచ్చినప్పుడు మొదలుపెట్టండి.

మీ బూటు ఏ రకమో తేల్చుకోవడం మొదటి పని. లేసుల కింద ఉండే నాలుక అంచునో, పైభాగంలో కోసిన అంచునో వెలుతురులో చూడండి. అక్కడ పోగులు పోగులుగా కనిపిస్తే అది తోలు. గుడ్డ మీద ప్లాస్టిక్ పొర అతికినట్టు కనిపిస్తే అది రెగ్జిన్ వంటి కృత్రిమ సరుకు, దానికి నూనె అక్కర్లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. నిమిరితే మఖమలులా నూగు తగిలే స్వేడ్, న్యూబక్ బూట్లకు నూనెగానీ మైనంగానీ రాయకూడదు, రాస్తే నూగు అణగి నల్లని మరకలు పడతాయి. వాటికి బ్రష్షు, ఆ రకం తోలుకని అమ్మే నీటిని విడిచే స్ప్రే మాత్రమే వాడాలి. నునుపైన తోలు అయితే మడమ దగ్గర ఒక నీటి బొట్టు వేసి చూడండి. బొట్టు గుండ్రంగా నిలిస్తే తోలుకు ఇప్పుడే నూనె అవసరం లేదు. నిమిషంలోపే ఇంకి ఆ చోటు నల్లబడితే తోలు దాహంతో ఉన్నట్టు. నీరు ఇంకదు గానీ వంచినచోట సన్నని గీతలు కనిపిస్తున్నాయంటే పైన రంగు పొర మందంగా ఉందని అర్థం. అలాంటి తోలుకు నూనె బహు కొద్దిగా, ఆ గీతల చోటనే ఎక్కుతుంది.

తరువాత శుభ్రం చేయడం. లేసులు పూర్తిగా తీసి విడిగా ఉతకండి. లేసులు ఉంచి చేస్తే నాలుక మడతల్లో మట్టి అలాగే ఉండిపోతుంది, బూటులోకి నీరు దూరే దారుల్లో అదొకటి. మన ప్రాంతపు ఎర్రమట్టి చాలా సన్నని రేణువుల మట్టి. తడిగా ఉన్నప్పుడు రుద్దితే తోలు రంధ్రాల్లోకీ కుట్లలోకీ ఇంకా లోతుగా దిగుతుంది, కాబట్టి అది ఆరేదాకా ఆగి, గట్టి బ్రష్షుతో దులిపి, పైతోలు అడుగుతో కలిసే గాడిలో పాత పళ్ల బ్రష్షుతో గీకండి. ఆ గాడిలో ఇసుక మిగిలితే నడిచినప్పుడల్లా కుట్టు దారాన్ని కోస్తూ ఉంటుంది. ఆ తరువాత తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. జిడ్డు, పాత పాలిష్ పేరుకుని ఉంటే తోలు సామానుకని అమ్మే సాడిల్ సబ్బు మంచిది. అది దొరకకపోతే ఒంటికి వాడే మెత్తని సబ్బు నురుగును గుడ్డకు పట్టించి తుడిచి, సబ్బు మిగలకుండా మంచినీటి గుడ్డతో రెండుసార్లు తుడవాలి. గిన్నెలు తోమే సబ్బు, బట్టల సోడా వాడవద్దు; వాటి క్షారం తోలులోని మిగిలిన నూనెను కూడా లాగేస్తుంది.

చెమట ఉప్పు తెల్లని గీతలుగా చీలమండ దగ్గర పేరుకుని ఉంటే ఒక వంతు తెల్ల వెనిగర్‌కు రెండు వంతుల నీరు కలిపి, అందులో ముంచిన గుడ్డతో అద్ది, వెంటనే మంచినీటి గుడ్డతో తుడవండి. ఉప్పు తేమను పట్టుకుంటుంది, ఆరినప్పుడు తోలును గట్టిపరుస్తుంది. దాన్ని తీయకుండా పైన నూనె రాస్తే కొద్ది రోజుల్లో మరక మళ్లీ పైకి తేలుతుంది.

ఇక ఆరబెట్టడం. నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ ఓపిక చూపవలసింది ఇక్కడే. లోపలి అట్టను బయటకు తీసి విడిగా ఆరేయండి. బూటు లోపల పాత వార్తాపత్రికలు నలిపి, ముక్కు దాకా, కానీ తోలు సాగిపోనంత వదులుగా కూరండి. బాగా తడిసిన బూటుకు మొదటి రెండు మూడు గంటల్లో గంటకోసారి కాగితం మార్చాలి, ఆపై పూటకోసారి చాలు. బూటును నేల మీద నిలబెట్టకుండా పక్కకు వాల్చితే అడుగుకు కూడా గాలి తగులుతుంది. నీడ, ఫ్యాను గాలి, ఈ రెండే వాడండి. పొయ్యి, హీటరు, జుట్టు ఆరబెట్టే డ్రైయరు, మోటారు సైకిలు సైలెన్సరు, నడిమధ్యాహ్నపు డాబా, వీటికి తడి బూటును దూరంగా ఉంచండి. వేసవిలో ఒక రోజు సరిపోతుంది. శ్రావణంలో సిమిలిగుడ, సునాబెడ వైపు రెండు మూడు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. బూటు లోపల చేయిపెట్టి ముక్కు భాగాన్ని తాకితే చల్లగా అనిపిస్తే ఇంకా తేమ ఉన్నట్టే. రోజూ బూట్లతోనే పని ఉన్నవారు వీలైతే రెండు జతలు ఉంచుకుని రోజు మార్చి రోజు వేసుకోవడం మంచిది. ఒక్కరోజు వాడకంలో పాదం విడిచే చెమట ఆరడానికే ఒక రాత్రి చాలదు.

బూటు పూర్తిగా ఆరాక నూనె సంగతి. అంగట్లో తోలు కండిషనర్ పేరుతో దొరికేవాటిలో లానొలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు), తేనె మైనం, మింక్ నూనె (మింక్ అనే జంతువు కొవ్వు నుంచి తీసేది), నీట్స్‌ఫుట్ నూనె వంటివి ఉంటాయి. నీట్స్‌ఫుట్ నూనెను పశువుల కాళ్ల ఎముకల నుంచి తీస్తారు. అది వద్దనుకునేవారు డబ్బా మీద చదివి తీసుకోవాలి. వంటింటి నూనెల గురించి చాలామంది అడుగుతారు. వేరుశెనగ, ఆవ, పొద్దుతిరుగుడు నూనెలు గాలి తగిలి క్రమంగా జిగటగా మారి, కంపు పట్టి, దుమ్మును పట్టుకుంటాయి, కనుక వాడవద్దు. కొబ్బరి నూనె అంత చెడ్డది కాకపోయినా సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. మన కొండల మీద చలికాలంలో అది కుట్ల వెంట తెల్లగా పేరుకోవచ్చు, పైగా తోలు రంగును ముదురు చేస్తుంది. ఆముదం మాత్రం వేరు. గాలికి అంత సులువుగా జిగురుగా మారని చిక్కని నూనె అది. కొత్త చెప్పులు కరవకుండా పెద్దవాళ్లు ఆముదం పట్టించేవారంటే అది అనుభవంతో తెలుసుకున్న సంగతి. తోళ్ల పరిశ్రమలో కూడా గంధకామ్లంతో మార్చిన ఆముదాన్ని తోలుకు నూనె ఎక్కించడానికి వాడతారు. సువాసన కలపని, వడకట్టిన ఆముదం చిన్న సీసా చాలా కాలం వస్తుంది.

ఎంత రాయాలన్న చోటే ఎక్కువమంది పొరపాటు పడతారు. ఒక బూటు మొత్తానికి ఒక చిన్న చెంచాడు కండిషనర్ చాలు, ఆముదమైతే అందులో సగం. మొదట లోపలి మడమ వైపు కనిపించని చోట కొద్దిగా రాసి, ఒక రాత్రి ఆగి, రంగు మీకు నచ్చినట్టు ఉందో లేదో చూసుకోండి. తోలు కాస్త నల్లబడటం మామూలే, లేత రంగు బూటు మాత్రం మళ్లీ పూర్వపు రంగుకు రాకపోవచ్చు. నూనెను బూటు మీద పోయకుండా మెత్తని నూలు గుడ్డకు పట్టించి, చిన్న చిన్న చుట్లుగా రుద్దండి. వేళ్లు మడిచే చోట, చీలమండ వంగే చోట, నాలుక పక్క మడతల్లో కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టండి. గట్టి ముక్కు, మడమ వెనుక భాగం గట్టిగానే ఉండాలి కనుక అక్కడ తాకీ తాకనట్టు రాస్తే చాలు. అర గంట తరువాత పొడిగుడ్డతో తుడిచి, ఒక రోజంతా వదిలేయండి. మరునాడు తోలు ఇంకా పొడిగా గరుకుగా అనిపిస్తే రెండోసారి పలుచగా రాయవచ్చు. గుడ్డకు నూనె అంటుతూ ఉంటే ఎక్కువైనట్టే. అతిగా నూనె తాగిన తోలు మెత్తబడి చీలమండను పట్టుకోలేదు, కుట్టు రంధ్రాలు సాగుతాయి, బూజు కూడా అక్కడే మొదలవుతుంది. అడుగుకు మాత్రం నూనె చుక్క కూడా తగలనివ్వవద్దు, తడి నేల మీద కాలు జారుతుంది.

నూనె పని ముగిసిన మరునాడు మైనం. అంగట్లో తోలు మైనం దొరక్కపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. మన సంతల్లో తేనె అమ్మేవారిని అడిగితే తేనెపట్టు మైనం ఇస్తారు; అందులో తుట్టె ముక్కలు, ఈగల రెక్కలు ఉంటాయి కనుక వేడినీటిలో కరిగించి, పలుచని గుడ్డతో వడకట్టి, చల్లారాక పైన తేలిన బిళ్లను తీసి పూర్తిగా ఆరనివ్వాలి. అలా శుభ్రం చేసిన మైనం 25 గ్రాములు, ఆముదం 75 గ్రాములు ఒక చిన్న గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్లున్న పెద్ద గిన్నెలో ఉంచండి. తేనె మైనం 62 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది, కనుక నీళ్లు తెర్లాల్సిన పని లేదు. సూటిగా మంట మీద పెడితే మైనం అంటుకునే ప్రమాదం ఉంది, ఆ పని ఎప్పుడూ చేయవద్దు. పిల్లలను కూడా దూరంగా ఉంచండి. రెండూ కలిసి తేటగా అయ్యాక పుల్లతో కలుపుతూ రేకు డబ్బాలో పోసి చల్లారనిస్తే మెత్తని ముద్ద తయారవుతుంది. వేసవిలో మరీ కారుతున్నట్టుంటే మైనం ఇంకో 5 గ్రాములు కలిపి మళ్లీ కరిగించండి.

దీన్ని రాయడానికి చేతివేళ్లకంటే మంచి సాధనం లేదు, ఒంటి వేడికే మైనం మెత్తబడుతుంది. పైతోలు మొత్తానికి పలుచగా పట్టించి, ఆ తరువాత కుట్ల మీద, నాలుక బూటుతో కలిసే అంచు మీద, అడుగు చుట్టూ ఉన్న గాడిలో అదనంగా అదమండి. నీరు తోలు మధ్యలో నుంచి రావడం కంటే ఈ చోట్ల నుంచి రావడమే ఎక్కువ. మన ఊళ్లలో బూట్లు కొనగానే చెప్పులు కుట్టే అతని దగ్గరకు తీసుకెళ్లి అడుగు చుట్టూ కుట్టు వేయించడం అలవాటు. అడుగు ఊడకుండా ఉండటానికి అది చాలా మంచి పని, నేనూ చేయిస్తాను. అయితే ఆరతో పొడిచిన ప్రతి రంధ్రమూ నీటికి ఒక దారి అవుతుందని మరవకూడదు. కుట్టు వేయించిన రోజే ఆ దారం వెంట మైనం రుద్ది, పళ్ల బ్రష్షుతో రంధ్రాల్లోకి అద్దాలి. అలా రాసిన బూట్లను, తోలు పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు మాత్రమే, ఉదయపు లేత ఎండలో పది నిమిషాలు ఉంచితే మైనం కుట్లలోకి దిగుతుంది. ఆపై ఒక పూట నీడలో ఉంచి, గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో గానీ పాత బనియన్ గుడ్డతో గానీ మెరుగు పెట్టండి. మళ్లీ నీటి బొట్టు వేసి చూడండి. బొట్టు ముత్యంలా దొర్లిపోవాలి. ఎక్కడైనా ఇంకితే అక్కడ మాత్రమే ఇంకొంచెం మైనం రాయండి.

మెరుపు కావాలనుకునేవారు దీనిపైన డబ్బా పాలిష్ రాసుకోవచ్చు, చెర్రీ బ్లోసమ్ లాంటి డబ్బా పాలిష్‌లలోనూ మైనమే ఉంటుంది కాబట్టి అది కొంత రక్షణ కూడా ఇస్తుంది. స్పాంజితో రాసే ద్రవ పాలిష్‌ను నేను వద్దంటాను. అది పైన మెరిసే పొరగా ఆరిపోతుంది, మళ్లీ నూనె లోపలికి దిగనివ్వదు, కొన్నాళ్లకు వంపుల దగ్గర పెచ్చులు లేస్తుంది.

ఇంత చేసినా తోలు బూటు రబ్బరు బూటు కాదు. చినుకుల్లో, తడి గడ్డిలో, బురద దారిలో గంటల తరబడి పాదాన్ని పొడిగా ఉంచుతుంది. నాగావళి పాయలో మోకాలి లోతు దిగితే పైనుంచే నీరు వస్తుంది, దానికి మైనం ఏమీ చేయలేదు. తోలు పాదపు ఆవిరిని కొంతైనా బయటకు వదలాలి, మైనం పొరలు పొరలుగా మెత్తితే ఆ దారి కూడా మూసుకుపోయి చెమటతోనే మేజోళ్లు తడుస్తాయి. కాబట్టి వానాకాలంలో రోజూ పనికి వెళ్లేవారు మూడు నాలుగు వారాలకోసారి శుభ్రం చేసి పలుచగా మైనం రాస్తే చాలు, నూనె మాత్రం వానలకు ముందు ఒకసారి, వానలు వెనకబడ్డాక ఒకసారి.

కర్మాగారాల్లో, గనుల్లో ఇచ్చే భద్రతా బూట్ల విషయంలో ఒక జాగ్రత్త. వాటి మీద ఐఎస్ 15298 (భద్రతా బూట్లకు వర్తించే భారతీయ ప్రమాణం) గుర్తు, ఏ రకం రక్షణకు తయారు చేశారో తెలిపే అక్షరాలు ఉంటాయి. వెల్డింగు దగ్గర, కొలిమి దగ్గర పనిచేసేవారు బూటుకు నూనె, మైనం దట్టంగా పట్టించకూడదు, నిప్పురవ్వకు అది అంటుకోవచ్చు. విద్యుత్ పని చేసేవారు బూటుకు ఏమి రాయవచ్చో తమ భద్రతాధికారిని అడిగి తెలుసుకోవడం మేలు. ముక్కులోని ఇనుప కప్పు బయటపడేలా తోలు అరిగిన బూటును మరమ్మతు చేసుకోవద్దు, కొత్తది అడిగి తీసుకోవడం మీ హక్కు.

జాగ్రత్తగా ఉన్నా ఆషాఢ శ్రావణాల్లో బీరువాలోని బూట్ల మీద తెల్లగానో పచ్చగానో బూజు పట్టవచ్చు. ముక్కుకు గుడ్డ కట్టుకుని బూట్లను ఇంటి బయటకు తీసుకెళ్లి, పొడి బ్రష్షుతో దులిపి, మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌కు సమంగా నీరు కలిపి అందులో ముంచిన గుడ్డతో లోపలా బయటా తుడవండి. రంగు దిగుతుందేమో ముందుగా ఒక మూల పరీక్షించుకోవాలి. పూర్తిగా ఆరాక మాత్రమే నూనె రాయాలి, ఎందుకంటే స్పిరిట్ తోలును పొడిబారుస్తుంది. బూజు పట్టిన బూట్లను అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ సంచిలోనో తిరిగి పెట్టవద్దు. గాలాడే అరలో, నేలకు జానెడు ఎత్తున, లోపల పొడి కాగితం కూరి ఉంచండి. వేపాకు పురుగులకు పనికొస్తుంది గానీ బూజును ఆపదు.

చివరిగా, ఏళ్ల తరబడి దాచిన బూట్ల గురించి. భద్రతా బూట్లలోనూ కొండలెక్కే బూట్లలోనూ చాలా వాటికి పాలీయూరిథేన్ అడుగు ఉంటుంది. గాలిలోని తేమ ఆ పదార్థాన్ని లోలోపల విడగొడుతుంది, వాడకుండా పెట్టెలో ఉన్నా విడగొడుతుంది. నూనె, మైనం రాసి పైతోలును నిగనిగలాడేలా ఉంచుకున్న జత ఒకటి మూడేళ్ల తరువాత బయటకు తీస్తే, నడక మొదలుపెట్టిన గంటకే దాని అడుగు రొట్టె ముక్కల్లా రాలిపోయింది, మిగిలిన దారి నేను చెప్పులతో నడవాల్సి వచ్చింది. అందువల్ల దాచిన జతను నెలకోసారైనా వేసుకుని ఇంటి చుట్టూ నడవండి, పైతోలును చూసినంత శ్రద్ధగా అడుగును కూడా చూడండి. దూరం వెళ్లే ముందు బొటనవేలి గోరుతో అడుగు అంచును గట్టిగా నొక్కండి. గోటి గాటు అలాగే నిలిచిపోయినా, పొడి రాలినా, ఆ జతతో కొండ ఎక్కకుండా ముందు అడుగు మార్పించుకోండి.